మా మేనత్త ఎద్దుకు చదువుల పాలసీ

ఈ సంగతి చెబితే కరీంనగర్‌లో ఎవరూ నమ్మరు. ఇచ్చోడ దిక్కు పోయి అడిగితే మాత్రం నేను చెప్పినదానికి ఇంకో రెండు కలిపి చెబుతారు. అందుకని మధ్యేమార్గంగా, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఎక్కడన్నా చేయి జారి చిటికెడు ఎక్కువ పడితే కూరలో ఉప్పనుకుని సర్దుకోండి.

కరీంనగర్‌లో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటారు విప్పి, పాత రాగి తీగ తీసేసి, కొత్తది చుట్టే పని. చేతులు తీగ చుడుతుంటే నోరు ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ నోటితో కథలు చుడుతున్నాను. మానేరు డ్యాంలో నేను పట్టిన చేప మొదట్లో రెండు కిలోలే. ఇప్పుడది గేటు ఎత్తితే తప్ప బయటికి రాదు. వినేవాళ్లకు తెలుసు, నాకూ తెలుసు, చేపకు తెలియదు. ఎవరికీ నష్టం లేదు.

షాపు పక్కన టీ కొట్టుంది. ఒకప్పుడు అక్కడ రాజకీయాలు మాట్లాడుకునేవారు. ఆ తర్వాత క్రికెట్. ఈ మధ్య వచ్చినవాడల్లా గ్లాసు పట్టుకోకముందే ఫోను తీసి బ్యాంకు పంపిన మెసేజ్ చూపిస్తున్నాడు. ఖాతాలో డబ్బు తక్కువుందని ఒకడికి కొంత కోశారు. కోసేసరికి అది ఇంకా తక్కువైంది. తక్కువైంది కనుక మళ్లీ కోశారు. నాకైతే, మెసేజ్‌లు పంపినందుకు రుసుము తీసుకున్నామని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ రుసుము ఏ లెక్కలోకి పోయిందో అడుగుదామని బ్యాంకుకు పోతే, ఆ కౌంటర్ ఎత్తేశాం, ఫోనులో అడగండి అన్నారు. ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని పాట పాడించి, చివరికి నాకు కారు లోను కావాలా అని అడిగారు. ఎదురు షాపు వెల్డింగాయన అంతా విని ఒకటే అన్నాడు. "దొంగోడు నయం. వాడు పండుగలకన్న సెలవు తీస్కుంటడు."

ఇలాంటి రోజుల్లోనే మా మేనత్త ఫోను చేసింది.

అత్తది ఇచ్చోడ దగ్గరి పల్లె. మామ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు, మస్కట్‌లో లారీ నడుపుతాడు. నాలుగెకరాల పత్తి, రెండెడ్లు, ఒక రేకుల ఇల్లు, దేశం మొత్తానికి సరిపోయే నోరు, ఇదీ ఆమె ఆస్తి. ఆ రెండెడ్లలో ఒకటి కిందటి ఎండాకాలం పాము కరిచి పోయింది. ఒంటెద్దుతో సేద్యం లేదు. పత్తి మోకాలెత్తుకు వచ్చాక సాళ్ల మధ్యలో ట్రాక్టరు పోదు, గడ్డి తీయాలంటే గుంటుక తోలాల్సిందే. గుంటుకకు జోడెడ్లు కావాలి. కిరాయి ఎడ్లవాడు తన చేను అయ్యాక, తన తమ్ముడి చేను అయ్యాక, తన బావమరిది పెళ్లయ్యాక వస్తాడు. అప్పటికి గడ్డి పత్తిని దాటి పెరుగుతుంది. అందుకని కొడుకు మస్కట్ నుంచి నెలనెలా జోడెద్దు కోసమని పంపుతుంటే, అత్త ఆ డబ్బును రోడ్డు మీది బ్యాంకులో దాచిపెట్టింది.

"అల్లుడా, నీ అబద్దాలు ఎవలకన్న అక్కరకొచ్చినయారా?" అంది ఫోనులో. ఎలా ఉన్నావు అనలేదు, ఏం తిన్నావు అనలేదు.

"ఏమైందత్తా?"

"గీ ఒక్కసారి అక్కరకు రానియ్యి. రేపు పొద్దుగాల బస్సెక్కు."

మా ఇళ్లలో మేనత్త మాటకు అప్పీలు లేదు. ఎక్కాను.

నేను పోయేసరికి అత్త చింతపండు పిసుకుతోంది. పిసుకుతూనే చెప్పింది. జోడెద్దును చూసుకుని, బేరం కుదుర్చుకుని, డబ్బు తీద్దామని బ్యాంకుకు పోతే ఖాతాలో డబ్బు లేదన్నారట. ఎటు పోయింది అంటే, ఎటూ పోలేదమ్మా, నీ పిల్లవాడి చదువుల పాలసీలో భద్రంగా ఉంది, వాడికి పద్దెనిమిదేళ్లు రాగానే కాలేజీకి పనికొస్తుంది అన్నారట. నా కొడుకుకు నలభై దాటినయి, నెత్తి మీద వెంట్రుకలు పోయినయి, గిప్పుడు కాలేజేంది అని అత్త అడిగితే, ఆయన కాదమ్మా, చిన్నబ్బాయి అన్నారట.

"చిన్నబ్బాయి ఎవరత్తా?"

అత్త తడిచేతి వేలితో పశువుల పాక వైపు చూపించింది.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా వాళ్లు ఇంట్లో మనుషుల్ని లెక్కపెడితే ఎడ్లను కలిపి లెక్కపెడతారు. కొత్త కోడలు పొయ్యి దగ్గర కూర్చుని ఎంతమందికి వండాలి అని అడిగితే ఎడ్లతో కలిపే చెబుతారు. కుడితి కూడా ఆ పొయ్యి మీదే కాగాలి మరి. మా తాత జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు, ఎడ్లను రాయకపోతే నన్నూ రాయొద్దని అరుగు మీద భీష్మించాడట. వచ్చిన పంతులు మూడు పూటలు అక్కడే తిని, చివరికి రాసుకున్నట్టు నటించి పోయాడట. మా ఊరి జనాభా కాగితం మీద కాస్త ఎక్కువగా ఉంటే కారణం మా తాతే అని మా బాపు అనేవాడు. నేను మా బాపు పోలికే.

ఆ కాగితం ఎక్కడుందని అడిగాను. అత్త అటక మీది నుంచి మామిడికాయ తొక్కు జాడీ దించింది. పాలసీ కాగితం నాలుగు మడతలు పడి, దారంతో బిగించి, జాడీకి మూతి గుడ్డగా ఉంది. ఇంటికి పోస్టులో వచ్చిందట. కాగితం మందంగా, నున్నగా ఉందని దానికి ఆ ఉద్యోగం ఇచ్చింది. నూనె మరకల మధ్య నుంచి చదివాను. నా ఇంగ్లిషు మోటార్ల మీద రాసి ఉండేంత వరకే, అయినా అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా.

పిల్లవాడి పేరు రాసి ఉంది. అది ఎద్దు పేరే. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ పేరుతో ఆ చుట్టుపక్కల నలుగురు పెద్దమనుషులున్నారు, ముగ్గురికి కోపమెక్కువ. వయసు ఏడు. ఆరోగ్యం బాగుంది. పొగ తాగడు. మందు తాగడు. ఇంతవరకు అక్షరం తప్పు లేదు. కింద పన్నెండు అంకెల ఆధార్ నంబరు. ఆ అంకెలు నాకెక్కడో చూసినట్టనిపించింది. లేచి పాకలోకి పోయి ఎద్దు చెవి పట్టుకున్నాను. పశువుల దవాఖానావాళ్లు ప్రతి ఎద్దు చెవికీ ఒక పసుపు బిళ్ల కొడతారు. దాని మీదా, దాంతో పాటు ఇచ్చే కార్డు మీదా పన్నెండంకెలే. అవే అంకెలు.

"ఎట్లత్తా?"

అత్త చెప్పిన ప్రకారం జరిగింది ఇది. ఆ రోజు పంట లోను కాగితం మార్చుకోవడానికి పోయింది. నెలాఖరు. బ్యాంకంతా కాలిన మోటారులా వాసన వస్తోందట. మేనేజరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడట. అదివరకు ఎన్నడూ కూర్చోమనలేదు. అక్కడే అనుమానం రావలసింది.

"ఇంట్ల ఎంతమంది అన్నడు. మొదలు ముగ్గురం, గిప్పుడు ఇద్దరమే అన్న. నువ్వుగాక ఇంకొకలెవలు అన్నడు, పేరు చెప్పిన. వయసెంత అన్నడు. పండ్లు సూసి చెప్పిండ్రు గద అంగట్ల, ఏడేండ్లు అన్న. కార్డున్నదా అన్నడు. సంచిల నుంచి తీసిచ్చిన. లోను కాగితమే అనుకొని ఏలుముద్ర ఏసిన. మంచిగ చదువుతడా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"చెప్తే ఇంటడు, కొట్టేటట్టు లేదన్న."

నవ్వు ఆపుకోలేక పాకలోకే పోయి ఎద్దు పక్కన కూర్చుని నవ్వాను. అత్త నవ్వలేదు. ఆమె చేనులో గడ్డి అప్పటికే చీలమండలు దాటింది. జోడెద్దు ఇస్తానన్న మనిషి వారం గడువు పెట్టాడు, ఆ తర్వాత అంగడికి తోలుకుపోతానన్నాడు. పైగా పొలాల పండుగ దగ్గరికి వస్తోంది. మా కరీంనగర్ దిక్కు ఈ పండుగ ఇంత లేదు గానీ, మహారాష్ట్ర గాలి తగిలే ఆ ఊళ్లలో శ్రావణ అమావాస్య అంటే ఎడ్ల పెళ్లిలాంటిది. ఆ రోజు వాటికి పని చెప్పరు, కొమ్ములకు రంగులేసి జోడుగా ఊరేగిస్తారు. జోడు లేని ఎద్దును పండుగలో ఎట్ల నడిపించాలని ఆమె రంధి.

మర్నాడు ఇద్దరం బ్యాంకుకు పోయాం. ఖాతాదారుల కోసం ఒకప్పుడు ఉండిన కుర్చీలన్నీ తీసేశారు. వాటి స్థలంలో మనిషెత్తు అట్టబొమ్మల కుటుంబాన్ని నిలబెట్టారు. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు, అందరి పళ్లూ కనపడుతున్నాయి. వాళ్ల పాదాల దగ్గర నేల మీద ముసలివాళ్లు కూర్చుని టోకెన్ల కోసం ఎదురుచూస్తున్నారు. గేటు దగ్గర బందూకు పట్టుకుని ఆ ఊరి కాకా ఒకాయన కాపలా. రోజూ పొద్దున అట్ట కుటుంబం మీది దుమ్ము దులపడం కూడా ఆయన డ్యూటీయేనట.

మేనేజరు ముప్పై దాటని మనిషి, కోస్తా వైపు వాడు. మాట మెత్తన. కాగితం వచ్చిన పదిహేను రోజుల్లో వద్దని చెప్పి ఉండాల్సిందన్నాడు. ఇప్పుడు ఐదేళ్లు కదలదన్నాడు. మరీ కావాలంటే మధ్యలో తీసుకోవచ్చు గానీ సగమే చేతికొస్తుందన్నాడు.

"సగం పైసలకు సగం ఎద్దొస్తదా సారు?" అంది అత్త నెమ్మదిగా. "ముంగటి సగం తీస్కోవాల్నా, ఎన్క సగమా?"

మేనేజరు నిబంధనల కాగితం ఆమె వైపు జరిపాడు. అతని వెనక గోడకు ఒక బోర్డుంది. దాని మీద ఆ నెల అమ్మాల్సిన పాలసీల సంఖ్య, అమ్మినవాటి సంఖ్య. రెండింటికీ మధ్య దూరం కరీంనగర్‌కూ ఇచ్చోడకూ ఉన్నంత ఉంది.

అత్త ఎద్దు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచింది. నేను టేబుల్ కింద ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను. ఆ గదిలో చెబితే ఆ ఎద్దు ఆ గదిలోనే చచ్చిపోతుంది. తలుపు మూసి, సంతకం ఒకటి పెట్టించుకుని, మీదే తప్పని పంపించేస్తారు. అందుకని నేను చాలా వినయంగా, మొహం నూనె రాసుకున్నట్టు పెట్టుకుని, పిల్లవాడి వివరాల్లో ఏదో తప్పు పడిందేమోనని అనుమానంగా ఉంది సార్ అన్నాను. సరిచేయాలంటే ఏం చేయాలి అని అడిగాను.

"పిల్లవాడిని తీసుకురండి. వాడినీ, వాడి కార్డునూ చూసి, తప్పుంటే పై ఆఫీసుకు రాస్తాను," అన్నాడు మేనేజరు. ఎవరినైనా ఇంటికి పంపేయడానికి రోజూ చెప్పే మాటే అయి ఉంటుంది.

"అమాస నాడు తెస్తం సార్."

"బ్యాంకు వేళల్లో ఎప్పుడైనా తేవచ్చు," అన్నాడు పాపం.

బయటికి వచ్చి రోడ్డు మీది హోటల్లో చాయ్ తాగుతూ హోటలాయనతో ఒకే ఒక్క మాట అన్నాను. అమావాస్య నాడు మా అత్త ఎద్దును బ్యాంకువాళ్లు చూస్తామన్నారు అని. నా జీవితంలో నేను చెప్పిన అతి పచ్చి నిజాల్లో అదొకటి. పొద్దు గూకేసరికి ఆ నిజం నేను కూడా గుర్తుపట్టలేనంతగా ఎదిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఎడ్ల డెక్కల ముద్రలు తీసుకుంటారట అని ఒకడన్నాడు. చూపించని ఎద్దు పేరున రుసుము కోస్తారట అని ఇంకొకడు. వారం మధ్యలో ఒక ముసలాయన వచ్చి, ఆవులకు గూడ ఉన్నదా బిడ్డా అని చెవిలో అడిగాడు. నా అంతటోడు లేడనుకున్నాను ఇన్నేళ్లు. ఊరంతా నా అంతటోళ్లే.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఎడ్ల మాటతో జనం తమ తమ కాగితాలు వెతుక్కున్నారు. పంట లోను తీసుకున్న ప్రతి ఇంటా ఏదో ఒక మందపాటి కాగితం దొరికింది. ఒకరింట్లో అది పప్పు డబ్బా అడుగున పరిచి ఉంది. ఒకరింట్లో గాలిపటమై చింతచెట్టుకు చిక్కుకుని ఉంది. పెళ్లికాని వాడికి భార్య కోసం పాలసీ. కదలలేని అవ్వకు ప్రమాద బీమా. అది తీస్కుంటేనే లోను అన్నరు గద అని ఒకరితో ఒకరు చెప్పుకుంటుంటే కోపం ఇంటింటికీ పాకింది. అత్త మాత్రం జోడెద్దు ఇచ్చే మనిషి ఇంటికి పోయి, నాలుగు రోజులు ఆగమని బతిమాలి వచ్చింది.

పండుగ నాడు పొద్దున ఎడ్లను వాగులో కడిగారు. కొమ్ములకు రంగులు, వాటి మీద కుచ్చులు, మెడలో మువ్వలు, వీపు మీద అద్దాల గుడ్డ. హనుమాన్ గుడి చుట్టూ తిప్పారు. ఆ తర్వాత ఇంటింటికీ పోవాలి, అది పద్ధతి. అలంకరించిన ఎద్దు గడప ముందు నిలబడితే ఆ ఇంటివాళ్లు కాళ్లు కడగాలి, బొట్టు పెట్టాలి, తినడానికి భక్ష్యం పెట్టాలి, ఒట్టి చేతులతో పంపకూడదు. పంపితే ఏడాదంతా ఆ గడపకు మేలు లేదంటారు. ఆ రోజు ఊరి ఎడ్లన్నీ ఇళ్లవైపు కాకుండా రోడ్డు వైపు తిరిగాయి.

ఇచ్చోడలో అడిగితే వంద జోళ్లంటారు. నేను లెక్కపెట్టింది పదిహేడు. అబద్ధాల మనిషికి లెక్క తగ్గించి చెప్పాల్సి రావడం ఎంత బాధో అప్పుడు తెలిసింది. అన్నిటికంటే ముందు మా అత్త ఎద్దు. దాని పక్కన జోడుండాల్సిన చోట అత్తే నడిచింది. ఎద్దుకు కట్టగా మిగిలిన మువ్వల పేట తన చేతికి చుట్టుకుంది. ఎందుకత్తా అంటే, ఒక్కటే నడువమంటే సిన్నవోతది అంది. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

బ్యాంకు గడప ముందు ఎద్దు ఆగింది. కాపలా కాకా ఒకసారి లోపలికి చూశాడు, ఒకసారి ఎద్దును చూశాడు. ఆయనదీ ఆ ఊరే. బందూకు తీసి అట్టబొమ్మ నాన్న చేతికి ఆనించాడు, తాగే నీళ్ల బాటిల్ తెచ్చి ఎద్దు కాళ్లు కడిగాడు. లోపల లక్ష్మీదేవి పటం దగ్గరి కుంకుమ తెచ్చి బొట్టు పెట్టాడు. దాంతో ఎద్దు చుట్టమైపోయింది. చుట్టాన్ని గడప బయట నిలబెట్టరు కదా. అద్దాల తలుపు రెండు రెక్కలూ తీశాడు.

లోపల చల్లగా ఉందేమో, ఎద్దు హాయిగా నిట్టూర్చింది. కాకా మరో చేత్తో యంత్రం నొక్కి దానికో టోకెన్ కూడా తీసిచ్చాడు. అట్ట కుటుంబం బందూకుతో సహా నవ్వుతూ నిలబడి ఉంది. భక్ష్యం పెట్టేవాళ్లు ఎవరూ లేకపోవడంతో ఎద్దు మొదట నాన్న మోచేయి, తర్వాత అమ్మ వేళ్లు తినేసింది. ఇంతలో అద్దాల బయట ముప్పై రెండు ఎడ్లు, వాటి మనుషులు, వాళ్ల చేతుల్లో నూనె మరకల కాగితాలు.

మేనేజరు బయటికి వచ్చాడు.

"అబ్బాయి ఎక్కడమ్మా?" అన్నాడు, ఎద్దును చూడనట్టే.

"నీ ముంగటనే నిలబడ్డడు గద సారు."

మేనేజరు వంగి ఎద్దు వెనక చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కాకపోతే ఎద్దు ఆ క్షణంలోనే పేడ వేసి, తన రాక సంగతి నమోదు చేసింది. నేను పాలసీ కాగితం విప్పి పట్టుకున్నాను. నంబరు సరిచూడమన్నాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఏం తోచలేదో, లేక అన్నీ తోచాయో, కంప్యూటర్‌లో చూసి ఒక్కో అంకె పైకి చదివింది. కాకా ఎద్దు చెవి పట్టుకుని ఒక్కో అంకెకూ ఉన్నది అన్నాడు. ఐదో అంకె నుంచి జనం కూడా ఉన్నది అనడం మొదలుపెట్టారు. పన్నెండోది కూడా ఉన్నది.

మేనేజరు తెల్లబోయిన మొహాన్ని సర్దుకున్నాడు. ఇది మోసం అన్నాడు. ఖాతాదారే తప్పుడు వివరాలు ఇచ్చారు కనుక పాలసీ చెల్లదు, తప్పుడు వివరాలిస్తే కట్టిన డబ్బు కూడా రాదు, నిబంధన ఉంది అన్నాడు.

ఇన్ని కథలు చుట్టినవాడిని, ఇది మాత్రం నాకు తట్టలేదు. సగమన్నా వచ్చేది, నా తెలివితో మొత్తం పోయేలా ఉంది. అత్త చేతి మువ్వలు కదిలాయి. ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

"నేనేం దాచిన్నా సారు? పేరు చెప్పిన. ఏడేండ్లు అన్న. కార్డిచ్చిన. నాలుగు కాళ్లా అని నువ్వడగలే."

మొదట కౌంటర్ అమ్మాయి నవ్వింది. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. నవ్వు తగ్గాక అసలు సంగతి మొదలైంది. ఒక్కొక్కరే కాగితాలు కౌంటర్ మీద పెట్టి, నా పేరున ఏమున్నదో జర సూడు బిడ్డా అనసాగారు. అందులో అరుపుల్లేవు. అరిచి ఉంటే పోలీసులను పిలిచేవారేమో. మర్యాదగా లైన్లో నిలబడిన మనుషులనూ ఎడ్లనూ ఏమని ఫిర్యాదు చేస్తారు? మేనేజరు తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి కాకాతో కబురు పంపాడు, రేపు రండని.

ఆయనకు తెలియనిది, రేపు బడగ అని.

పొలాల మర్నాడు తెల్లవారుతుండగానే మోదుగ కొమ్మలు విరిచి తెచ్చి, ఇళ్ల గోడలను కొడతారు. ఈగలు, దోమలు, జ్వరాలు, ఇంట్లో ఉన్న పీడలన్నీ పొమ్మని చెప్పి, ఆ కొమ్మలు పొలిమేర బయట పారేస్తారు. ఆ ఏడు ఇళ్ల గోడలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. సూర్యుడు పైకొచ్చేసరికి జనమంతా బ్యాంకు గోడ దగ్గర. ఈగలు దోమలు పోవాలె. మెసేజు చార్జి పోవాలె. తక్కువున్నదని కోసుడు పోవాలె. అడగని పాలసీ పోవాలె. మోదుగ ఆకులు రాలి మెట్లు పచ్చబడ్డాయి. నేను కూడా కరీంనగర్ తరఫున నాలుగు దెబ్బలు వేశాను, కారు లోను పోవాలె అని.

మేనేజరు తొందరగానే వచ్చాడు. రాత్రి నిద్ర లేని కళ్లు. మెట్ల కింద నిలబడిపోయాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. ఏం చేయాలో తెలియక టిఫిన్ డబ్బాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు. అత్త దగ్గరికి పోయి తన చేతిలోని కొమ్మ ఆయన చేతిలో పెట్టింది.

"నీకేం పీడ ఉన్నదో నువ్వు గూడ కొట్టు బిడ్డా."

ఆయన ఒక్క దెబ్బ వేశాడు, మర్యాదకు వేసినట్టు. ఏమనాలో అత్తను అడిగాడు. ఏది పోవాలంటే అది అను అంది. ఇంకో దెబ్బ వేసి, టార్గెట్ అన్నాడు. మూడోది కాస్త గట్టిగా. ఆ తర్వాత నెల పేరు చెప్పి ఒకటి, ఇంకో నెల పేరు చెప్పి ఒకటి. పన్నెండు నెలలూ అయ్యాక పై ఆఫీసు ఫోను గురించి మొదలుపెట్టాడు. చివరికి కాకా వచ్చి భుజం మీద చేయి వేసి, సార్, సున్నం ఊడుతుంది అన్నాడు. సగం గోడ సున్నం ఆయన ఒక్కడే ఊడగొట్టాడని ఇచ్చోడలో చెబుతారు. నేను చూసింది అరచెయ్యంత.

లోపలికి పోయి కాగితం రాశాడు. మొదటి నుంచీ నమోదులో బ్రాంచి వల్లే పొరపాటు జరిగిందని, పాలసీ పుట్టనట్టే లెక్కని, కట్టింది కట్టినట్టు వాపసు ఇవ్వాలని. అత్త బిడ్డా అన్నందుకు రాశాడో, ఎద్దుకు చదువుల పాలసీ అమ్మిన కాగితం మీద తన సంతకం ఉన్నందుకు రాశాడో నేను చెప్పలేను. రెండింటిలో ఒకటి చాలదు గానీ, రెండూ కలిస్తే ఎద్దయినా కదులుతుంది.

జోడెద్దు ఇస్తానన్న మనిషి గడువు మీద ఇంకో వారం ఆగాడు. బ్యాంకులో నిలబడిన ఎద్దుకు జోడంటే తన ఎద్దుకూ పేరొస్తుందని. డబ్బు మొత్తం పడింది. పడిందని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్‌కు రుసుము కోశారని ఇంకో మెసేజ్ వచ్చింది. మోదుగ కొమ్మ అన్ని పీడలకూ పనిచేయదు. ఊళ్లో మిగతావాళ్లవి కొన్ని పాలసీలు వాపసు వచ్చాయి, కొన్నింటి కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. బ్యాంకులో రెండు కుర్చీలు మాత్రం తిరిగొచ్చాయి. చేయి లేని అట్టబొమ్మ నాన్న ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

జోడు కుదిరింది. ఆలస్యమైనా గుంటుక తోలారు, గడ్డి పోయింది. పత్తి ఏరే రోజుల్లో నేను మళ్లీ పోయాను. అత్తతో కలిసి అరుగు మీద కూర్చుని ఉండగా బ్యాంకు నుంచి ఒక కొత్త కుర్రవాడు ఫారాలు పట్టుకుని వచ్చాడు, వివరాలు సరిచూస్తున్నామని. పెన్ను తీసి, ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా అని అడిగాడు.

అత్త పాక వైపు చూసింది. రెండెడ్లూ నెమరు ఆపి ఇటే చూస్తున్నాయి, కనీసం నాకలాగే అనిపించింది. మా తాత భీష్మించింది ఇలాంటి అరుగు మీదే.

"ఎవ్వలు లేరు బిడ్డా. ఒక్కదాన్నే," అంది అత్త గొంతు తగ్గించి.

అతను రాసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం అత్త కుడితిలో తవుడు రెండింతలు కలిపింది, రెండు బెల్లం ముక్కలు పట్టుకుని పాకలోకి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. ఏం చెబుతోందో విందామని దగ్గరికి పోయాను గానీ, పాత ఎద్దు మొహం తిప్పుకుని బెల్లం వద్దన్నట్టు నిలబడి ఉంది. నేను వెనక్కి వచ్చేశాను. ఇంటి సంగతులు వాళ్లు ముగ్గురే తేల్చుకోవాలి.